మారుచున్న రాజ్యభావము

రాజ్యమనగా నేమి యని కళాశాల విద్యార్థి నడిగినచో నతడు తడబడక నాలుగు మాటలు చెప్పును: భూమి, ప్రజలు, ప్రభుత్వము, సార్వభౌమాధికారము. పూర్వపద్ధతిని చదివిన పండితు నడిగినచో కౌటిల్యుని సప్తాంగములను వల్లించును: స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. రెండు లక్షణములును చక్కనివే. కాని రెంటిలోను ఒక కొఱత కలదు. రాజ్యమునకు ఏమేమి యుండవలెనో ఇవి చెప్పుచున్నవి గాని, రాజ్యము నెదుట నిలువబడిన మనుష్యుడు ఎవ్వడో చెప్పుట లేదు. వాడు కాపాడబడు పశువా? దయకు పాత్రుడా? లేక లెక్క యడుగుటకు అధికారము గలవాడా? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టియే రాజ్యభావము మారినదో లేదో నిర్ణయింపవలెనని మా యభిప్రాయము.

రాజ్యము పూర్తిగా మారిపోయినదను మాట నేడు సభలలోను పత్రికలలోను తఱచుగ వినబడుచున్నది. పూర్వము పన్నులు గుంజుకొన్న రాజ్యము నేడు సొమ్ము పంచుచున్నదనియు, కావున సంక్షేమరాజ్యము సిద్ధించినదనియు కొందఱందురు. పంచుటవలననే రాజ్యము చెడిపోవుచున్నదని మఱికొంద ఱందురు. ఇరువురును రాజ్యము చేతినే చూచుచున్నారు. అది తీసికొనుచున్నదా, ఇచ్చుచున్నదా యన్నదే వారి విచారము. ఈ వాదములను మేము ఢిల్లీలో గాని లండనులో గాని పరీక్షింపక, పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములను, వాని చుట్టుపట్ల పల్లెలను తీసికొని పరీక్షింపదలచితిమి. ఎనుబది యేండ్లలో ఇన్ని తీరుల రాజ్యములను చూచిన ప్రదేశము తెలుగునేలలో అరుదు.

మొదట సరిహద్దు మాట చెప్పుదుము. సూర్యాపేటనుండి కోదాడకు పోవు రాజమార్గము మీద మునగాల యున్నది. 1948కి ముందు సూర్యాపేట నిజాము రాజ్యములోనిది. మునగాల పరగణా ఆంగ్లేయుల యేలుబడిలోని కృష్ణాజిల్లాకు చెందినది. దానిని దాటి కోదాడ చేరినచో మరల నిజాము రాజ్యమే. చుట్టును నిజాము నేల, నడుమ ఆంగ్లేయుల దీవి! బండి కట్టుకొని పోవు సేద్యగాడు ఒక్క దినములోనే రాజ్యము విడిచి రాజ్యము చొచ్చుచుండెను. నేల మాఱలేదు, భాష మాఱలేదు, పైరు మాఱలేదు. చట్టము మాత్రము మాఱుచుండెను. భూమియే రాజ్యమునకు మొదటి లక్షణమను సిద్ధాంతము ఇచ్చటనే తేలిపోవుచున్నది. స్వాతంత్ర్యానంతరము 1959లో గాని ఈ పరగణా నల్లగొండ జిల్లాలో కలియలేదు.

మునగాల పేరు తెలుగు సారస్వతాభిమానులకు వేఱొక విధమున పూజ్యము. ఆ పరగణా జమీందారు నాయని వెంకటరంగారావుగారును, వారి దివానైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టుటకును ముఖ్యకారకులు. చరిత్రమును, ప్రకృతిశాస్త్రమును తెలుగు గృహములకు తెలుగులోనే అందించిన ఆ యుపకారము మఱవరానిది. ఐనను 1930 తరువాత ఆ పరగణా రైతులే జమీందారీ వసూళ్ల మీదను, వెట్టి మీదను ఆందోళన సాగించిరి. ఇందు వైరుధ్యమున్నదని చదువరులు తలపవచ్చును. మాకు వైరుధ్యము కనబడదు. ప్రభువు విద్యాదాత కావచ్చును, సహృదయుడు కావచ్చును. రైతునకు జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రము ఆ పదవిలోనే లేదు. దానము వేఱు, జవాబుదారీ వేఱు. ఈ భేదమునే పట్టుకొని మేము ముందునకు పోవుదుము.

ఇక నిజాము రాజ్యమును చూతము. ఆధునిక రాజ్యమునకు చెప్పబడిన బాహ్యలక్షణములన్నియు దానికి నిండుగ నుండెను. స్వంత నాణెము, తపాలా, రైళ్లు, సైన్యము, 1918లో ఉర్దూ బోధనాభాషగా నెలకొల్పబడిన విశ్వవిద్యాలయము కలవు. 1948 ఆగస్టులో ఆ రాజ్యము ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి మొఱపెట్టుకొనెను. సార్వభౌమత్వమునకు ఇంతకన్న గొప్ప ప్రకటన యేమి కావలెను? కాని అదే మాసమున నల్లగొండ జిల్లా పల్లెలలో ఆ రాజ్యపు మాట పోలీసు ఠాణా చుట్టును, రజాకార్ల తుపాకి దూరము వఱకును మాత్రమే చెల్లుచుండెను. ప్రపంచసభలో రాజ్యముగా నిలువగోరినది పల్లెలో రాజ్యముగా నిలువలేకపోయెను.

దీనికి మూలము చాల వెనుక నున్నది. 1853లో దివానైన మొదటి సాలార్జంగు, పన్నుల వసూలును గుత్తకిచ్చు పాతపద్ధతిని తొలగించి, 1865లో జిలాబందీ యను జిల్లాల యేర్పాటును ప్రవేశపెట్టెను. కాగితము మీద నిది ఆధునిక రాజ్యనిర్మాణమే. కాని పన్ను వసూలు చేయు అధికారము పోయిన దేశముఖులకు రుసుములు నిలిచెను, పలుకుబడి నిలిచెను, క్రమముగా భూములును చేరెను. రాజ్యపు భూమిలో నూటికి సుమారు 60 వంతులు దివానీ క్రిందను, 30 వంతులు జాగీర్ల క్రిందను, 10 వంతులు నిజాము స్వంతమైన సర్ఫేఖాసు క్రిందను ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రకటించిన తెలంగాణ పోరాటచరిత్రము చెప్పుచున్నది. సూర్యాపేట ప్రాంతపు దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి వశమున 1,50,000 ఎకరములు కలవని ఆ గ్రంథమందే యున్నది. అంత భూమి ఒక్కని చేతనున్నచోట జిల్లాధికారి పేరునకే అధికారి.

జర్మను పండితుడు మాక్సు వెబరు 1919లో, ధర్మసమ్మతమైన బలప్రయోగమునకు తానొక్కటే హక్కుదారుననుటయే ఆధునికరాజ్య లక్షణమని నిర్వచించెను. ఆ కొలతతో కొలిచినచో గడీలో కొరడా వ్రేలాడినంతకాలము ఈ తాలూకాలలో ఆధునికరాజ్యము పుట్టలేదనియే చెప్పవలెను. దొరయే పన్ను, దొరయే పోలీసు, దొరయే న్యాయస్థానము. మాల మాదిగలు బరువులు మోయవలెను, కబుర్లు చేరవేయవలెను. చాకలి, మంగలి, కుమ్మరి కూలి లేక పనిచేయవలెను. గీతకాఱులు కల్లును, గొల్లలు గొఱ్ఱెలను ఊరక సమర్పింపవలెను. గడీలో పనికి పోయిన స్త్రీల మానమునకు రక్షణ లేకుండెను. ఇదియే వెట్టి.

దాశరథి రంగాచార్యులుగారు 1969లో వెలువరించిన నవలకు 'చిల్లర దేవుళ్ళు' అని పేరు పెట్టిరి. విమర్శకులు దానిని సాంఘికనవలగా మెచ్చుకొనిరి. మేము దానిని రాజ్యమీమాంసగా కూడ చదువవలెనందుము. ఆ పేరిలోనే ఒక సిద్ధాంతమున్నది. పెద్దదేవుడు హైదరాబాదులో నుండును. పల్లెవానికి కనబడడు, వినబడడు. కనబడువారు దొర, కరణము, పోలీసు పటేలు మొదలైన చిల్లర దేవుళ్ళు. పెద్దదేవుని పేర వీరే మ్రొక్కులు పుచ్చుకొందురు, వీరే శపింతురు. రాజనీతి గ్రంథములు సింహాసనమును వర్ణించుచుండగా, నవలాకారుడు సింహాసనమునకును గుడిసెకును నడుమనున్న మెట్లను చూపించెను. రాజ్యమును గూర్చి వ్రాయదలచినవారు ఈ దృష్టిని నేర్చుకొనదగును. ఏలయన, రాజ్యము పేదవానికి తగులునది ఈ మెట్ల మీదనే.

ఆ కాలపు మాటలును ఇట్లే సాక్ష్యమిచ్చుచున్నవి. 'రైతు' అను మాట మనకు నేడు ఎంతో గౌరవప్రదము. దాని మూలము 'రయ్యతు'. అరబీలో మందయనియు, ఏలబడువారనియు దానికి అర్థము. సంస్కృతమున 'ప్రజ' యనగా సంతానము. ఒకటి కాపరి పెట్టిన పేరు, ఒకటి తండ్రి పెట్టిన పేరు. కాపరి మంచివాడైనచో మంద సుఖించును. తండ్రి మంచివాడైనచో బిడ్డలు సుఖింతురు. చెడ్డవాడైనప్పుడు ఏమి చేయవలెనో ఈ రెండు మాటలలోను ఉపాయము లేదు. గొఱ్ఱె కాపరిని లెక్క యడుగదు. పసిబిడ్డ తండ్రిని సంజాయిషీ కోరదు.

లెక్క యడుగు అలవాటు గ్రంథాలయములలోను సభలలోను మెల్లగా పుట్టెను. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘము వెట్టిని గూర్చి కరపత్రములు ప్రచురించెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగెను. సర్కారువారి అనుమతి లేక సభ జరుపరాదను 53వ గస్తీ ఉత్తర్వు ఆనాడు తలమీద కత్తివలె నుండెను. పదిమంది కూడి పుస్తకము గూర్చి మాటలాడుకొనుటకు సయితము భయపడు రాజ్యము తన బలహీనతను తానే చాటుకొనుచున్నట్లు గదా! 1944లో భువనగిరి సభనాటికి ఆ మహాసభ చీలిపోయి, వామపక్షమువారి చేతికి వచ్చెను. 1946 నుండి పల్లెలు తిరుగబడెను.

1947, 1948 సంవత్సరములలో సుమారు 3,000 గ్రామములలో గ్రామరాజ్యములు ఏర్పడెననియు, 10 లక్షల ఎకరములు పంచబడెననియు సుందరయ్యగారి లెక్క. వెట్టి నిలిచిపోయెను, కూలి పెరిగెను. నిన్నటివఱకు గడీముందు చెప్పులు విడిచి నిలిచినవాడు సంఘములో కూర్చుండి మాటలాడెను. ఈ తాలూకాలలో సామాన్యుడు రాజ్యమును తన చేతితో ముట్టి చూచుట కిదియే మొదలు. ఈ గొప్పతనమును తక్కువ చేయుట చరిత్రకు ద్రోహము. కాని విమర్శకుని ధర్మము ఇంకొక ప్రశ్న యడుగుమనుచున్నది. సంఘము తీర్పు తప్పైనచో ఎవ్వరియొద్ద మొఱపెట్టుకొనవలెను? ద్రోహి యని ముద్రపడినవానికి రెండవ న్యాయస్థాన మేది? యుద్ధమధ్యమున పుట్టిన రాజ్యమునకు ఆ తీరిక లేకపోయెను. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వఱకు జరిగిన సైనికచర్య తరువాత వచ్చిన సర్కారు సయితము ఈ పరీక్షలో నెగ్గలేదు. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడులోపల సుమారు 4,000 మంది కమ్యూనిస్టులు, రైతువీరులు హతులైరని ఆ గ్రంథమే చెప్పుచున్నది. నిర్బంధశిబిరములలో మ్రగ్గినవారు ఇంకను ఎక్కువ. రెండు ప్రక్కలను బలము మాటలాడినప్పుడు అప్పీలు మూగబోయెను.

ఐనను అదే కాలమున వేఱొక బీజము నాటబడెను. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టము వచ్చెను. ఆ యేడే జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని పేరుపెట్టి నిషేధించెను. 1952 ఎన్నికలలో ప్రజాస్వామ్య ఫ్రంటు అభ్యర్థిగా రావి నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి నెహ్రూగారికన్న ఎక్కువ ఓట్లతో లోకసభకు ఎన్నికైరి. సూర్యాపేటలో విద్యార్థులకు వసతిగృహము నడిపి పేరుగన్న బొమ్మగాని ధర్మభిక్షముగారు శాసనసభకు వెళ్లిరి. నిన్న రాజ్యము ఎవ్వరిని వెదకి పట్టుకొనుచుండెనో నేడు వారే రాజ్యమును ప్రశ్నించుటకు సభలో కూర్చుండిరి. 'రయ్యతు' పోయి 'పౌరుడు' వచ్చెను. మా దృష్టిలో రాజ్యభావము నిజముగా మారిన ఘట్టమిది. ఇది ఏ కాలువకన్నను, ఏ రహదారికన్నను పెద్దది.

తరువాత కాలువయు వచ్చెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల రూపు మార్చెను. జొన్నలు పండిన చేలలో వరి పండెను. మిర్యాలగూడ బియ్యపు మరలకు ప్రసిద్ధి కెక్కెను. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చెను. 2018లో రైతుబంధు వచ్చెను. దానిపేరు మాఱి, 2025 జనవరి నుండి రైతు భరోసాగా ఎకరమునకు ఏటా 12,000 రూపాయలుగ నిర్ణయింపబడెను. ఈ సొమ్ములవలన ఎందఱి కడుపులు నిండెనో, ఎందఱు వడ్డీవ్యాపారి వాకిలి తొక్కకుండ తప్పించుకొనిరో మేమెఱుగుదుము. వీనిని వృథావ్యయమని నిందించువారితో మాకు పొత్తు లేదు. ఆకలిగొన్నవానికి నీతి చెప్పుట నాగరకత కాదు.

కాని ఇచ్చుటయే ఆధునికరాజ్య లక్షణమను వాదమునకు మేము అంగీకరింపజాలము. సూర్యాపేటకు దగ్గఱనున్న పిల్లలమఱ్ఱికి పోయి చూడుడు. కాకతీయుల సామంతులైన రేచెర్లవారు అచ్చట కట్టించిన దేవాలయములు నేటికిని నిలిచియున్నవి. ఆ కాలపు ప్రభువులు గుడి కట్టించుటయు, చెఱువు త్రవ్వించుటయు ఒకే పుణ్యముగా తలంచిరి. నీరిచ్చుటయే ఆధునికత యైనచో ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే అది మనకు సిద్ధించినదనవలెను. నాటి చెఱువునకును నేటి కాలువకును భేదము నీటిలో లేదు. చెఱువు త్రవ్వించినవాడు దేవునికి లెక్క చెప్పుకొనును. కాలువ త్రవ్వించినవాడు పౌరునికి లెక్క చెప్పవలెను. ఈ రెండవ లెక్క చెప్పబడనిచో కాలువయు చెఱువే, మంత్రియు మండలేశ్వరుడే.

నేటి ప్రభుత్వపత్రములలో 'లబ్ధిదారు' అను మాట విరివిగా వాడబడుచున్నది. సంస్కృతపు తలకు పారసీపు తోక తగిలించిన ఈ పదము చూచుటకు నిరపాయకరము. కాని ఇది 'పౌరుడు' అను మాటను మెల్లగా వెనుకకు నెట్టుచున్నది. లబ్ధిదారు పేరు జాబితాలో నుండవలెను; పౌరునికి ఏ జాబితాయు అక్కఱలేదు. లబ్ధిదారు కృతజ్ఞుడై యుండవలెను, పౌరుడు ప్రశ్నింపవచ్చును. 1942లో బ్రిటనునందు బెవరిడ్జి ప్రతిపాదించిన సాంఘికభద్రతా పద్ధతిలోని జీవము దానము కాదు. ప్రతివాడును చందా చెల్లించి, ఎవ్వని దయయు వేడక హక్కుగా పొందవలెననుట. మన దేశమున 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టమును, ఆ యేడే వచ్చిన గ్రామీణ ఉపాధి చట్టమును, 2013 నాటి ఆహారభద్రతా చట్టమును ఈ జాతికి చెందినవి. ఇవి ఇత్తుమని చెప్పలేదు, అడుగుమని చెప్పెను.

జాబితా రాజ్యమునకు బలియైనవారిని కాలువ క్రింది ఆయకట్టు గ్రామములలోనే చూడవచ్చును. అచ్చట కౌలుసేద్యము సామాన్యము. నాగలి పట్టువాడు, అప్పుచేసి ఎరువు కొనువాడు, వాననష్టము భరించువాడు కౌలుదారు. రైతుబంధు సొమ్ము చేరినది పట్టాదారునకు. దేశముఖులనాడు భూమి లేనివానికి రాజ్యమే లేదు. 2018లో పట్టా లేనివానికి సహాయము లేదు. పోలికను మేము సాగదీయుట లేదు. కొరడాకును ఉపేక్షకును భూమ్యాకాశముల యంతరమున్నది. కాని రెండుచోట్లను రాజ్యము భూమిని చూచి మనుష్యుని గుర్తించుచున్నది. మనుష్యుని చూచి మనుష్యుని గుర్తించుట లేదు.

భూమిలెక్కల మాటయు నిట్టిదే. పటేలు పట్వారీల వంశపారంపర్యాధికారము 1984, 1985లలో తొలగింపబడెను. చిల్లర దేవుళ్ళలో ఒకని పీఠము కదలెనని జనము సంతసించిరి. వారి తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల పదవిని 2020లో తీసివేసి, ధరణి యను యంత్రపట్టికను పెట్టిరి. లంచగొండి గుమాస్తా తొలగుట మంచిదే. కాని గుమాస్తాకు ముఖమున్నది, నిలదీయవచ్చును. యంత్రమునకు ముఖము లేదు. రెవెన్యూ న్యాయస్థానములును రద్దగుటచేత, పట్టికలో పేరు తప్పినవాడు సివిలు న్యాయస్థానపు మెట్లెక్కవలసివచ్చెను. 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతి చట్టము అప్పీలునకు మరల త్రోవ కల్పించెను. ఈ మార్పులోని పాఠము ఒక్కటే: మధ్యవర్తిని తొలగించుట సంస్కారము కాదు, తప్పు దిద్దించుకొను త్రోవ నేర్పఱచుట సంస్కారము.

తప్పు దిద్దించుకొనుట యనగా నేమో కోదాడయొద్ద జరిగిన యొక సంగతివలన తెలియగలదు. 2014 జూన్ 2న తెలంగాణ వేఱు రాష్ట్రము కాగా కోదాడ మరల సరిహద్దు పట్టణమయ్యెను. 2021 మే మాసమున కరోనా వ్యాధి రెండవసారి విజృంభించినప్పుడు, ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చు రోగుల బండ్లను, ముందుగా అనుమతి లేదని సరిహద్దులందు ఆపిరి. కోదాడకు చేరువనున్న రామాపురము కూడలిలోను బండ్లు నిలిచిపోయెను. ఊపిరి యాడనివానిని నీవు ఏ రాష్ట్రము వాడవని అడిగిరి! మే 14న తెలంగాణ ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తర్వును నిలిపివేసెను. అధికారియు రాజ్యమే, న్యాయమూర్తియు రాజ్యమే. ఒక చేయి మూసిన దారిని రెండవ చేయి తెఱచెను. రాజ్యము తన తప్పును తానే విచారించుకొనుటకు తగిన యంగములు కలిగియుండుట ఆధునికరాజ్యమునకు సారభూతమైన లక్షణము. సప్తాంగములలో ఇది లేదు; విద్యార్థి చెప్పు నాలుగింటిలోను లేదు; దొర గడీలో అసలే లేదు.

ఇంతవఱకు చదివిన గృహస్థులు, ఇది రాజధానుల విచారమే గాని మా గడప లోపలి విచారము కాదని తలంచుదురేమో. కాని ఈ మార్పులో అన్నిటికన్న కఠినమైన భాగము గడప లోపలనే జరుగుచున్నది. వీధిలో రాజెవ్వడైనను ఇంటిలో యజమానియే రాజను భావము మనకు తరతరములనుండి వచ్చినది. రాజ్యము మెల్లగా ఆ కోటలోనికి ప్రవేశించినది. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము కులమతములతో పనిలేక పెండ్లాడుటకు వీలు కలిగించెను. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశమున కుమార్తెలకును ఉమ్మడి ఆస్తిలో సమానభాగము లభించెను. దేశమంతటికిని ఆ న్యాయము 2005లో వచ్చెను. 2013 చట్టము రేషనుకార్డు విషయమున పదునెనిమిదేండ్లు దాటిన స్త్రీలలో పెద్దామెనే యింటికి పెద్దగా నెంచవలెనని చెప్పెను. చట్టము కోడలిని, కూతురిని, తల్లిని వేర్వేఱు పౌరులుగా గుర్తించెను. ఇల్లు గుర్తించెనా?

2018 మార్చి 27న సుప్రీముకోర్టు, ఇష్టపడి పెండ్లాడిన స్త్రీపురుషులను కుటుంబముల పగనుండియు, కులపంచాయితుల పగనుండియు కాపాడవలసిన విధి ప్రభుత్వములదని స్పష్టముగ ఆదేశించెను. అటుతరువాత ఆఱు మాసములు నిండకమునుపే, సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులాంతర వివాహము చేసికొన్న దళిత యువకుడొకడు పట్టపగలు నఱకబడెను. కాలువనీరు వచ్చిన యూరు, బియ్యపు మరలతో సంపన్నమైన యూరు, బడులును ఆసుపత్రులును గల యూరు! రాజ్యము ఇవ్వదగినవి చాల యిచ్చినది. తన పౌరుని ప్రాణమును మాత్రము ఆనాడు నిలుపలేకపోయెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆర్గురికి యావజ్జీవ కారాగారమును విధించెను. న్యాయము ఆఱున్నర యేండ్లకు గడపకు వచ్చెను. వచ్చుట మేలే. కాని శిక్ష రక్షణ కాదు. తీర్పు పోయిన ప్రాణమునకు బదులు కాదు.

వెబరుగారి కొలతను మరల తీసికొనుడు. ధర్మబద్ధమైన బలము రాజ్యమున కొక్కదానికే యుండవలెను గదా! కులగౌరవము పేర ఒక కుటుంబము మనుష్యుని దండించుటకు అధికారము తనకున్నదని తలంచినంతకాలము, ఆ మేరకు రాజ్యము అసంపూర్ణమే. గడీలు పాడుపడెను, చిల్లర దేవుళ్ళు అచ్చటనుండి లేచి కొన్ని ఇండ్ల దేవతార్చన గదులలో కూర్చుండిరి. వారిని పోలీసులొక్కరే వెడలగొట్టజాలరు. దేశముఖులమీద తిరుగబడుటకు సాహసము కావలసెను. మన బంధువుల మీద, మన అభిమానము మీద తిరుగబడుటకు అంతకన్న ఎక్కువ సాహసము కావలెను. తుపాకి పట్టి వెట్టిని వెడలించిన నేలలోనే కూతురి యిష్టమునకు వెట్టి వేయుట యెంత విపరీతము!

కావున రాజ్యభావము మారుచున్నదా యను ప్రశ్నకు మా సమాధానమిది. మారుచున్నది, కాని తీసికొను చేయి ఇచ్చు చేయి యగుటలో ఆ మార్పు లేదు. రయ్యతునుండి పౌరునివఱకు వచ్చిన ప్రయాణమే మార్పు. పౌరుడు లబ్ధిదారుగా జాఱుట తిరోగమనము. కౌలుదారు తన సేద్యమునకు గుర్తింపు కోరినప్పుడు, పట్టికలో పేరు తప్పినవాడు అప్పీలు చేసినప్పుడు, రోగి సరిహద్దున నిలిచి దారి యడిగినప్పుడు, కూతురు తన భాగమును గాని తన భర్తను గాని తానే ఎన్నుకొన్నప్పుడు, వారి మాట మధ్యనెవ్వరును లేక చేరవలసినచోటికి చేరుటయే ఆధునికరాజ్యము.

ఇది సర్కారు ఒక్కదానిచేత కాగల పని కాదు. మన పాఠకులలో భూమి కౌలునకిచ్చినవారు కలరు. తమ కౌలుదారుని సేద్యగానిగా గుర్తించుటకు వారు ఎవ్వరి యాజ్ఞకును వేచియుండ నక్కఱలేదు. కుమార్తెలు గలవారు కలరు. ఆమె భాగమును ఆమె పేర వ్రాయించుటకు వారు ఏ న్యాయస్థానపు తీర్పునకును వేచియుండ నక్కఱలేదు. ఇష్టపడి పెండ్లాడిన బిడ్డలకు తలుపు మూసినవారు కలరు. ఆ తలుపునకు గడియ లోపలనే యున్నది. గ్రామసభకు పోయి, ఇచ్చినదానికి కృతజ్ఞత చెప్పుటతో తృప్తిపడక, ఖర్చునకు లెక్క యడుగువారు మన యిండ్లనుండియే పోవలెను. రాజ్యమును లెక్క యడుగు నోరు, ఇంటిలో తన్ను లెక్క యడుగువారికి జవాబు చెప్పుట నేర్చుకొనవలెను. ఆ అభ్యాసము లేని దేశమున రాజ్యాంగము గొప్ప గ్రంథముగా నుండగలదు గాని రాజ్యము కానేరదు.